బడిపిల్లలు - సెల్‌ఫోను



2025వ సంవత్సరము జూలై 10వ తేదీని కొత్తచెరువు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తలిదండ్రులును ఉపాధ్యాయులును కలసి కూర్చుండు పెద్ద సమావేశ మొకటి జరిగినది. రాష్ట్ర ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడుగారును, విద్యామంత్రి శ్రీ నారా లోకేశ్‌గారును ఆనాడు ఆ బడికి వచ్చియుండిరి. ముఖ్యమంత్రిగారు ఉపాధ్యాయులవలె నిలిచి పిల్లలకు పాఠము చెప్పిరి. రాష్ట్రమందలి తక్కిన బడులలోను ఆ దినముననే యిట్టి కూటములు జరిగినవి.

ఇట్టి కూటములలో తలిదండ్రులు పిల్లవాని చదువును గుఱించి, హాజరును గుఱించి, ఆరోగ్యమును గుఱించి అడుగుట పరిపాటి. అడుగదగిన ప్రశ్న మఱియొకటి గలదు. "మా పిల్లవాని చేతిలో సెల్‌ఫోనున్నది. దానివలన వానికి గాని, మాకు గాని కీడు రాకుండుటకు ఇంట మేమేమి చేయవలెను? బడిలో మీరేమి చేయుదురు?" ఈ ప్రశ్నను గుఱించియే నేడు మీతో కొన్ని మాటలు మనవి చేసికొనదలచితిని.

పూర్వము మన పల్లెలలో ఉత్తరము వచ్చినచో దానిని చదువగలవారు కొలదిమంది యుండెడివారు. బడిపంతులుగారో, కరణముగారో చదివి వినిపింపవలసి వచ్చెడిది. చదివినవానికి ఇంటిగుట్టంతయు తెలిసిపోవును గదా! కావున పెద్దలు నమ్మకస్థుని వెదకి, వానిచేతనే చదివించుకొనెడివారు. నేడు ఆ పని యెవరు చేయుచున్నారో ఒకమాఱు తలచి చూడుడు.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములనుండి బెంగుళూరునకు పనికి బోయిన కుటుంబము లనేకములు గలవు. పిల్లలు అవ్వతాతలయొద్ద నుండి ఊరిబడిలో చదువుకొందురు. కొడుకు పంపిన సొమ్ము చేరినదా లేదా యని చూచువాడు మనుమడు. గ్యాసు సిలిండరునకు నంబరు నొక్కువాడు మనుమడు. బ్యాంకునుండి వచ్చిన సందేశమును చదివి చెప్పునది మనుమరాలు. అంగడిలో సొమ్ము చెల్లింపవలసినపుడు అవ్వ ఫోనును పిల్లచేతి కిచ్చి, రహస్యపు పిన్ను నంబరును బిగ్గరగా చెప్పును, పిల్ల నొక్కును. ఇట్లు ఎనిమిదవ తరగతి చదువు పిల్లవాడు మన ఇంటికి గుమాస్తా యైనాడు. ఇంటి బొక్కసపు తాళపుచెవి వానియొద్దనే యున్నది. కాని యా పనికి కావలసిన శిక్షణము వానికెవ్వరును ఇయ్యలేదు. పిల్లవాని క్షేమము వేఱు, మన సొమ్ము క్షేమము వేఱు అని యెంచుటకు వీలులేదు. ఒకటి చెడిన రెండవదియు చెడును.

"పిల్లవాని చేతికి ఫోనీయకున్న సరి" అని కొందఱు పెద్దలందురు. ఆ మాట సులభము. ఆచరణ సులభము కాదు. 2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా జాడ్యమువలన బడులు మూతపడినపుడు పాఠము ఫోనులోనికిని, దూరదర్శనములోనికిని వచ్చినది. 2022వ సంవత్సరము డిసెంబరులో రాష్ట్రప్రభుత్వమే ఎనిమిదవ తరగతి పిల్లలకును, వారి ఉపాధ్యాయులకును కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులను పంచుట కారంభించినది. అనేక ప్రభుత్వ పాఠశాలలలో నల్లబల్ల చెంత వెలుగుబల్ల వచ్చినది. పలకవలె ఫోనుకూడ చదువు సాధనములలో నొకటి యైనది. దానిని నిషేధించుటకంటె దానితో మెలగు పద్ధతిని నేర్పుట మేలు.

ముందుగా దొంగతన మెట్లు జరుగునో తెలిసికొందము. కేంద్ర హోం మంత్రిత్వశాఖవారు 2025 జూలైలో పార్లమెంటునకు తెలిపిన లెక్కనుబట్టి, ఇట్టి సైబరు మోసములవలన మన దేశప్రజలు 2023లో సుమారు 7,465 కోట్ల రూపాయలును, 2024లో సుమారు 22,845 కోట్ల రూపాయలును పోగొట్టుకొనిరి. ఒక్క సంవత్సరములో నష్టము మూడింత లైనది. ఇంత సొమ్మును దొంగలు బ్యాంకుల తాళములు పగులగొట్టి తీసికొనలేదు. వెనుకటి దొంగ గోడకు కన్నము వేసెడివాడు. నేటి దొంగ మనచేతనే తలుపు తీయించుచున్నాడు. అందుకు వాడు పన్నెడు ఉపాయములలో మూడు ముఖ్యమైనవి.

మొదటిది ఓ.టి.పి. బ్యాంకువారు మన ఫోనునకు పంపెడు ఒక్కపర్యాయపు గుఱుతు సంఖ్య యిది. అడిగినవాడు మీరేనా యని బ్యాంకు సరిచూచుకొనుటకై యిది యేర్పడినది. దానిని ఇతరునికి చెప్పినచో బ్యాంకు దృష్టిలో ఆ యితరుడే మీరైపోవును. "మీ పిల్లల చదువుపథకపు సొమ్ము ఆగినది, ఓ.టి.పి. చెప్పినచో విడుదల యగును" అని యెవడైన ఫోను చేసినయెడల వాడు దొంగ యని నిశ్చయింపవచ్చును. తల్లికి వందనము మొదలగు పథకముల సొమ్ము తల్లి బ్యాంకుఖాతాలో నేరుగా జమయగును. దానికై ఓ.టి.పి.ని ఫోనులో నెవరికిని చెప్పవలసిన పనిలేదు. సందేహమున్నచో బడికి గాని, గ్రామ సచివాలయమునకు గాని పోయి అడుగుడు.

రెండవది పిన్ను నంబరు. ఫోన్‌పే, గూగుల్‌పే మొదలగువానిలో పిన్ను నొక్కుట మన ఖాతానుండి సొమ్ము పంపుటకు. లేదా ఖాతాలో నిలువ యెంతయున్నదో చూచుకొనుటకు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను నొక్కవలసిన యవసరము లేనేలేదు. "మీకు బహుమానము వచ్చినది, పిన్ను నొక్కి తీసికొనుడు" అనువాడు మన చేతితో మన సంచి విప్పించువాడే. ఈ యొక్క సూత్రమును ఇంటిల్లిపాదియు కంఠస్థము చేసినచో చాల మోసములు ఆగిపోవును.

మూడవది దొంగ పంపెడు అనువర్తనము, అనగా యాప్. పెండ్లిపిలుపని, వాహనపు జరిమానా యని, రైతుపథకమని పేరు పెట్టి వాట్సాపులో నొక దస్త్రమును పంపుదురు. దాని పేరు చివర ఏ.పి.కె. అను మూడక్షరము లుండును. అది చదువుకొను కాగితము కాదు. ఫోనులో దిగి పనిచేయు యంత్రము. దానిని నొక్కి, అది కోరిన అనుమతుల నిచ్చినచో మన సందేశములను, ఓ.టి.పి.లను దొంగ తన యింట గూర్చుండియే చదువుకొనును. పెండ్లిపిలుపు పంపినది బంధువే యైనను తెఱవక ముందు ఆయనకు ఫోను చేసి యడుగుడు. ఆయన ఫోనే దొంగ చేతిలో పడియుండవచ్చును.

ఇవి పెద్దలకును పిల్లలకును సమానముగా వచ్చు కీడులు. పిల్లలకు ప్రత్యేకముగా వచ్చునవి మఱి కొన్ని గలవు. పిల్లవాడు ఫోనులో నాటలాడుచుండగా, ఆయుధములు, వేషములు కొనుమని ఆ యాట ప్రేరేపించును. వాడు తాత ఖాతానుండి నూఱు, ఆపైన వేయి ఖర్చుచేయును. సొమ్మొడ్డి యాడు ఆటలు ఇంతకంటె ప్రమాదకరములు. మన రాష్ట్రము 2020లోనే తన జూద నిషేధ చట్టమును సవరించి వానిని నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటును దేశమంతటికి వర్తించునట్లు చట్టము చేసినది. అయినను మాఱుపేరులతో నవి పిల్లలను వెదకుచు వచ్చుచునే యున్నవి. కాలేజీ చదువుకు వచ్చిన కుఱ్ఱవానితో "నీ బ్యాంకుఖాతాను మాకు బాడుగ కిమ్ము, నెలకింత యిచ్చెదము" అనువారును గలరు. దొంగసొమ్ము ఆ ఖాతాగుండ పాఱును. పోలీసువారు మొదట వచ్చునది ఆ కుఱ్ఱవాని యింటికే.

అన్నిటికంటె క్రూరమైనది వేఱొకటి. తోటి విద్యార్థినినని చెప్పుకొనుచు ఎవడో యొకడు ఆడపిల్లతోనో, మగపిల్లవానితోనో స్నేహము కలుపును. దినములకొలది తీయగా మాటలాడును. ఒక చిత్రము పంపుమనును. అది చేతికి చిక్కినంతనే స్వరము మాఱును. "సొమ్ము పంపుము, లేదా ఇంకను చిత్రములు పంపుము, లేకున్న మీ నాయనకు, మీ బడివారికి దీనిని చూపెదను" అని బెదరించును. పిల్ల పంపకున్నను, బడి చిత్రములోని ముఖమును తీసికొని దొంగచిత్రము కల్పించు యంత్రములు నేడున్నవి. పెద్దలు గమనింపవలసిన దేమనగా, ఈ దొంగ చేతిలోని యాయుధము చిత్రము కాదు. "మీ నాయనకు చెప్పెదను" అను మాటయే వాని యాయుధము. నాయనకు చెప్పుటకు పిల్ల భయపడనియెడల వాని బెదరింపునకు విలువ యేమి?

కొత్తచెరువు పేరులోనే చెఱువున్నది. ప్రక్కనే చిత్రావతి నీటితో నిండు బుక్కపట్టణము చెఱువున్నది. చెఱువు సంగతి మీకు చెప్పవలసిన పనిలేదు. వానకాలములో కట్టమీద నీరుగంటి తిరుగుచుండెను గదా! కట్టకు చిన్న బుంగ పడినపుడు, చూచినవాడు పరుగెత్తుకొని వచ్చి చెప్పినచో నాలుగు తట్టల మన్నుతో నది పూడిపోవును. చెప్పనియెడల తెల్లవాఱునప్పటికి గండి పడును; ఆయకట్టంతయు మునుగును. పశువుల కాచు పిల్లవాడొకడు ఆ బుంగను మొదట చూచెననుకొందము. వాడు వచ్చి చెప్పగా "కట్టమీద నీకేమి పని?" యని పెద్దలు వానిని కొట్టినచో, మఱుసటి యేడు బుంగను చూచిన పిల్లవాడు నోరు తెఱచునా?

ఫోను విషయములో మనము చేయుచున్న తప్పు ఇదియే. పిల్ల వచ్చి యొక పొరపాటు చెప్పుకొన్నచో ఫోను లాగికొందుము, కొట్టుదుము, ఆడపిల్లయైనచో చదువు మాన్పించి పెండ్లిమాట యెత్తుదుము. ఈ సంగతి పిల్లలందఱకును తెలియును. కనుకనే వారు చెప్పరు. వారు చెప్పరని దొంగకును తెలియును. మన కోపమే వాని మూలధనము. చెప్పుకొనలేక కుమిలిపోయి ప్రాణము తీసికొనదలచు పిల్లలును గలరని పెద్దలు మఱువరాదు. పోయిన సొమ్ము తిరిగి సంపాదింపవచ్చును; పోయిన బిడ్డను తేగలమా?

కావున పిల్లలకు మన మీయవలసిన మొదటి రక్షణము మన నోటిమాటయే. నేటి రాత్రి భోజనమువేళ వారిని పిలిచి యిట్లు చెప్పుడు: "ఫోనులో నీవలన నేమి పొరపాటు జరిగినను సరే, మొదట వచ్చి నాతో చెప్పుము. నిన్ను కొట్టను, తిట్టను, బడి మాన్పింపను. ఇద్దఱము కలసి దానిని చక్కబెట్టుకొందము." చెప్పిన మాటను నిలుపుకొనుడు. మాట తప్పిన దినమున పిల్లల నోరు శాశ్వతముగా మూతపడును.

ఇక జరుగరానిది జరిగినపుడు చేయవలసిన పనులు. సొమ్ము పోయినదని తెలిసినంతనే 1930 అను నంబరునకు ఫోను చేయవలెను. ఇది సైబరు మోసములకై దేశమంతటికి ఏర్పడిన సహాయపు నంబరు. దొంగ సొమ్మును ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు, అందుండి వేఱొక ఖాతాకు త్వరత్వరగా దాటించును. 1930కి చెప్పినచో ఆ వార్త బ్యాంకులకు చేరి, సొమ్ము ఎచ్చట నిలిచియున్నదో అచ్చట ఆపుదురు. సొమ్ము బయటికి పోయిన పిదప ఆపుట కష్టము. కాబట్టి మొదటి గంట బంగారము వంటిది. 2025 జూలైలో ప్రభుత్వము చెప్పిన లెక్క ప్రకారము, ఈ మార్గమున అప్పటికి 17 లక్షలకు పైగా ఫిర్యాదులలో 5,489 కోట్లకు పైగా సొమ్ము దొంగల పాలుగాకుండ ఆగినది. పోయినదానిలో నిది కొంతభాగమే. కాని త్వరగా చెప్పినవారికే ఆ భాగము దక్కును.

ఫోను చేయునపుడు బ్యాంకు పేరు, సొమ్ము పోయిన తేదీ, వేళ, మొత్తము, లావాదేవి సంఖ్య, దొంగ మాటలాడిన ఫోను నంబరు దగ్గఱ నుంచుకొనుడు. మీ బ్యాంకునకును వెంటనే తెలియజేయుడు. కేంద్రప్రభుత్వపు సైబరుక్రైము పోర్టలులోను, దగ్గఱి పోలీసు ఠాణాలోను ఫిర్యాదు వ్రాయింపుడు. సిగ్గుచేతనో కోపముచేతనో సందేశములను చెరిపివేయవలదు; అవియే సాక్ష్యములు.

చిత్రములతో బెదరించు కేసులో దొంగకు ఒక్క రూపాయియు పంపకుడు. ఒకమాఱు పంపినచో రెండవమాఱు ఎక్కువ యడుగును. ఆపదలో నున్న పిల్లలకై 1098 అను నంబరు గలదు, రాత్రింబగళ్లు పలుకును. స్త్రీలను, పిల్లలను గుఱించిన యిట్టి నేరములను పేరు చెప్పకుండగనే ఆ పోర్టలులో తెలుపవచ్చును. పిల్లల అసభ్యచిత్రములను తయారుచేయుట, పంచుట 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములోని 67బి విభాగము క్రింద నేరము. మొదటి తప్పునకే 5 సంవత్సరములవరకు కారాగారశిక్ష గలదు. 2012వ సంవత్సరపు పోక్సో చట్టమును వర్తించును. చట్టము పిల్లను దోషిగా జూడదు. బెదరించినవానినే దోషిగా జూచును. ఇంటిలోను న్యాయ మట్లే యుండవలెను.

ఇక బడివారి వంతు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రతి ప్రభుత్వ పాఠశాలకును యాజమాన్య సంఘము గలదు. అందు నాలుగింట మూడు వంతులు తలిదండ్రులే. ఆ సంఘము మూడు పనులు పెట్టుకొనవచ్చును.

మొదటిది, నెలకొక గంట. ప్రతినెల మొదటి బుధవారమును సైబరు జాగృతి దినముగా జరుపుమని కేంద్రప్రభుత్వము సూచించియున్నది. ఆ దినమున పై తరగతుల పిల్లలు ఒక గదిలో బల్ల వేసికొని కూర్చుండి, ఊరి పెద్దలకు ఫోను పనులు నేర్పవచ్చును. ఉపాధ్యాయు డొకరు పర్యవేక్షింపవలెను. అచ్చట నొక నియమ ముండవలెను. పిల్లవాడు చేయి చూపును గాని పిన్ను నొక్కడు. పెద్దవారు తమ పిన్నును తామే నొక్కవలెను, నోట చెప్పరాదు. చేయి వణకినను, రెండు మాఱులు తప్పినను పరవాలేదు, నిదానముగా నేర్చుకొందురు. దీనివలన పిల్లవాడు గుమాస్తాగిరినుండి విముక్తుడగును. పెద్దలు తమ బొక్కసపు తాళము తామే తీసికొందురు.

రెండవది, చెప్పుకొనుటకు ఒక మనిషి. ఇంట చెప్పుకొనలేని పిల్ల బడిలో చెప్పుకొనుటకు నమ్మకమైన ఉపాధ్యాయురాలి నొకరిని, ఉపాధ్యాయుని నొకరిని సంఘము నియమించి, వారి పేరులను తరగతిగోడమీద వ్రాయింపవలెను. 1930, 1098 అను నంబరులను ఆ ప్రక్కనే వ్రాయింపవలెను.

మూడవది, పిల్లల వివరముల కాపుదల. హాజరుపట్టీలు, ఆధారు నంబరులు, తలిదండ్రుల ఫోను నంబరులు, పిల్లల చిత్రములు వాట్సాపు గుంపులలో తిరుగరాదు. 2023వ సంవత్సరపు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలురుగా నెంచి, వారి వివరములను గుఱించి తలిదండ్రుల సమ్మతికి ప్రాధాన్య మిచ్చినది. బడి పండుగ చిత్రమును లోకమంతటికి చూపుటకు ముందు తల్లి నడుగుట మర్యాదయును, జాగ్రత్తయును.

చివరిమాట పెద్దలను గుఱించియే. "డిజిటల్ అరెస్టు" అను బూటకమును మీరు వినియుందురు. పోలీసు దుస్తులు వేసికొన్నవాడు ఫోనుతెరమీద కనబడి, "మీమీద కేసున్నది, ఫోను పెట్టివేయరాదు, ఎవరితోను చెప్పరాదు, సొమ్ము పంపుము" అనును. మన చట్టములో నట్టి అరెస్టు లేనేలేదు. 2024 అక్టోబరు 27వ తేదీని ప్రధానమంత్రిగారు రేడియోలోనే ఈ సంగతి చెప్పి, ఆగుట, ఆలోచించుట, చర్య తీసికొనుట అను మూడు మెట్లను బోధించిరి. చదువుకొన్నవారు, ఉద్యోగములు చేసి విశ్రమించినవారు సైతము ఈ వలలో చిక్కిరి. అచ్చటను దొంగమాట యొక్కటే: "ఎవరితోను చెప్పవలదు." పిల్లతో చెప్పినదియు నదే, తాతతో చెప్పినదియు నదే.

కావున మీరే యెప్పుడైన మోసపోయియున్నచో, ఆ సంగతిని దాచక మీ మనుమలకు చెప్పుడు. పెద్దవారు తమ పొరపాటును చెప్పుకొనిన యింటిలో పిల్లలు తమ పొరపాటును చెప్పుకొనుటకు వెనుదీయరు. కట్ట కాచుట నీరుగంటి యొక్కని పని కాదు. బుంగను చూచిన ప్రతివాడును నోరు తెఱవవలెను, వినినవాడు తట్ట యెత్తవలెను.